సంఘపు లెక్కలకు వస్తుసంబంధ పటము గీయు విధము



మన దేశమున పరపతి సంఘములు 1904వ సంవత్సరపు చట్టముతో బుట్టినవి. నాటినుండి సంఘపు బలము రెండింటియందున్నది. సభ్యులకు పరస్పరము గల నమ్మకమొకటి. ఆ నమ్మకమును తేదీవారీగా వ్రాసియుంచు లెక్కల పుస్తకము రెండవది. ఆ పుస్తకము చిరకాలము కాగితముపైననే యుండెను. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరునకెక్కించుటకు రు. 2,516 కోట్ల పథకము నామోదించెను. కావున లెడ్జర్లలోని సంగతులు యంత్రమున కెట్లు చేరవలెనో సభ్యులందరును కొంత తెలిసికొనుట యావశ్యకమని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

కాగితపు లెడ్జరులో లోపమున్నను గుమాస్తా తన యెరుకచే సరిదిద్దుకొనెడివాడు. సింహాచలము అప్పన్నపేరును, విజయనగరము పైడితల్లి పేరును బెట్టుకొనుట మన భోగాపురము ప్రాంతమున మిక్కిలి వాడుక. ఒక్క యూరిలో నలుగురు అప్పలనాయుళ్లును, ముగ్గురు పైడిరాజులును ఉండుట వింతగాదు. లెడ్జరులో ‘అప్పలనాయుడు’ అని మాత్రమే యున్నను, చెరువుగట్టు దాపున నుండునతడా, కొబ్బరితోట యజమానియా యని గుమాస్తాకు దెలియును. యంత్రమునకు జ్ఞాపకము గలదు గాని యెరుక లేదు. మనమేమి చెప్పియుంచితిమో అంతే దానికి దెలియును. మనము చెప్పుట మరచిన మనుష్యుడు దాని లెక్కలో లేనే లేడు. ఆ మనుష్యుడు మన కౌలుదారు కావచ్చును, మన జామీనుదారు కావచ్చును.

మేస్త్రీ పునాది త్రవ్వుటకు ముందు నేలపై ముగ్గు పోసి, ఏ గది యెచ్చటనో యింటివారికి జూపును. గోడ లేచిన పిమ్మట గుమ్మమును మార్చుట కష్టము. ముగ్గు మార్చుట సులభము. లెక్కలకు గూడ నట్టి ముగ్గు గలదు. దానినే వస్తుసంబంధ పటమందురు.

పటమన నేమి?

యంత్రమున దాచు సమాచారమంతయు అడ్డువరుసలును నిలువు గడులును గల పట్టికలుగా నుంచవచ్చునని 1970వ సంవత్సరమున ఇ.ఎఫ్. కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. ఇవి మన లెడ్జరు పుటల వంటివే. అయితే ఏయే పట్టికలు కావలెను? ఏ సంగతి యే పట్టికలో వ్రాయవలెను? దీనికి సులభమైన మార్గమును 1976లో పీటర్ చెన్ అను పండితుడు చూపెను. మనము గుర్తుంచుకొనవలసినవి వస్తువులు, వస్తువుల నడుమ సంబంధములు, వాని లక్షణములు అని యతడు విభజించెను. వస్తువును దీర్ఘచతురస్రపు పెట్టెగా గీయవలెను. సంబంధమును పేకముక్కలోని డైమండు గుర్తువలె గీసి, గీతలతో పెట్టెలకు గలుపవలెను. లక్షణములను కోడిగ్రుడ్డు ఆకారములలో వ్రాసి, తగిన పెట్టెకు వ్రేలాడదీయుట వాడుక. ఇంగ్లీషు నెరిగినవారు వీనిని ఎంటిటీ, రిలేషన్‌షిప్, అట్రిబ్యూట్ అందురు. మనుష్యుని వస్తువనుట తగునా యని యెవరును నొచ్చుకొనవలదు. విడిగా గుర్తుంచుకొనదగినది యను నర్థముననే యీ పదమును వాడుచున్నాము.

1983లో చెన్‌గారే మరియొక వ్యాసమున, వాక్యమునకును ఈ పటమునకును గల పోలికను వివరించిరి. వాక్యములోని నామవాచకములు పెట్టెలగును, సకర్మక క్రియలు సంబంధములగును, విశేషణములు లక్షణములగును. వారు ఇంగ్లీషు వాక్యములను గూర్చి చెప్పిరి. తెలుగు వాక్యమునకు గూడ నిది చక్కగా సరిపడును. “రైతు భూమిని సాగుచేయును” అనినచో రైతు, భూమి రెండు పెట్టెలు; సాగుచేయుట వాని నడుమ సంబంధము. చిన్నతనమున వ్యాకరణము చదివిన ప్రతివాడును ఈ పనికి సగము సిద్ధుడే.

వ్రాతతో మొదలిడవలెను

పటమును ఊహనుండి గీయరాదు. సంఘపు పనియెట్లు జరుగునో ముందుగా తేలిక మాటలలో వ్రాసికొనవలెను. ఉదాహరణమునకై మేమే యిట్టి వ్రాత నొకదానిని గూర్చితిమి. ఇది యే సంఘపు నిబంధనయు గాదు.

1. సంఘమునకు సభ్యులు గలరు. ప్రతి సభ్యునికి పేరును, తండ్రి లేక భర్త పేరును, గ్రామమును ఉండును.

2. సభ్యుడు సంఘములో వాటాలు కొనును.

3. సభ్యుడు భూమిని సాగుచేయును. ఆ భూమిలో ఋతువున కొక పైరు వేయును.

4. పైరును బట్టి సభ్యునికి అప్పు మంజూరు చేయబడును.

5. అప్పునకు ఇద్దరు జామీనుదారులుండవలెను.

6. అప్పు వాయిదాలుగా చెల్లింపబడును.

చదువుటకు నిర్దుష్టముగనే యున్నది. కాని పటము గీయబోవునప్పటికి దీనిలోని సందులన్నియు బయటపడును. పటమువలన గలుగు మొదటి లాభమిదియే.

పేర్లను వడపోయుట

ముందుగా నామవాచకముల క్రింద గీతలు గీయుడు: సంఘము, సభ్యుడు, పేరు, గ్రామము, వాటా, భూమి, ఋతువు, పైరు, అప్పు, జామీనుదారుడు, వాయిదా. ఇవన్నియు పెట్టెలు కావు. ఒక్కొక్క పేరును బట్టుకొని రెండు ప్రశ్నలడుగుడు. ఇట్టివి పెక్కు గలవా? దీనిని గూర్చి వేరుగా వ్రాయవలసిన సంగతులు గలవా?

‘పేరు’ను గూర్చి వేరుగా జెప్పవలసినదేమియు లేదు. అది సభ్యుని లక్షణము మాత్రమే. ‘వాటా’ సంగతి సంఘపు పద్ధతినిబట్టి యుండును. ఎన్ని వాటాలున్నవో సంఖ్య చాలునన్నచో లక్షణము. ఒక్కొక్క వాటాపత్రమునకు నెంబరును తేదీయు నున్నచో పెట్టె. ‘సంఘము’ మన యొక్క సంఘపు పుస్తకమున పెట్టె కానక్కరలేదు; ఉన్నది ఒక్కటియే గదా. పెక్కు సంఘములు ఒకే యంత్రవ్యవస్థను వాడునపుడు మాత్రము అది తప్పక పెట్టె గావలెను. లేనిచో ఒక సంఘపు సభ్యుడు మరియొక సంఘపు సభ్యునితో గలిసిపోవును.

‘గ్రామము’ను గూర్చి కొంచెము నిలిచి యోచింపుడు. ప్రతి సభ్యుని పేరు ప్రక్కను గ్రామము, తాలూకా, జిల్లా వ్రాసికొనిన సంఘమొకటి యున్నదనుకొందము. 1979 జూన్ 1వ తేదీన విజయనగరము జిల్లా యేర్పడెను. అంతకుముందు భోగాపురము విశాఖపట్టణము జిల్లాలోనిది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చెను. అట్టి సంఘము ప్రతి సభ్యుని వరుసను రెండుమారులు దిద్దవలెను. ఒకటి రెండు వరుసలు తప్పిపోవుట నిశ్చయము. గ్రామమును వేరు పెట్టెగా జేసి, మండలమును జిల్లాను దానికే తగిలించినచో, ఒక్కచోట దిద్దిన చాలును. ఒక సంగతిని ఒక్కచోటనే వ్రాయవలెననుట ఈ విద్యలో ముఖ్యసూత్రము.

ఇక ‘జామీనుదారుడు’. తొందరపడి అతనికొక వేరు పెట్టె గీయుదురు. కాని అతడెవరు? జామీను సభ్యులే యుండవలెననుట పద్ధతియైన సంఘమున అతడును సభ్యుడే. నేడు అప్పు పుచ్చుకొన్నవాడు రేపు పొరుగువానికి జామీనుండును. వేరు పెట్టె గీసినచో ఒకే మనుష్యుడు యంత్రమునకు ఇద్దరుగా గనబడును. అతడు అయిదప్పులకు జామీనున్న సంగతియు, అతని స్వంత యప్పు వాయిదా దాటిన సంగతియు నొక్కచోట జేరవు. కావున సభ్యుడను పెట్టె యొక్కటియే గీసి, దానినుండి అప్పునకు రెండు సంబంధములు గీయుడు: ఒకటి ‘పుచ్చుకొనెను’, రెండవది ‘జామీనుండెను’. మనిషి యొక్కడే, పాత్రలు రెండు.

క్రియలును, దాగియున్న కర్తయు

పిమ్మట క్రియల క్రింద గీతలు గీయుడు. ఇచ్చట మన భాష విషయమున నొక జాగ్రత్త చెప్పవలసియున్నది. తెలుగున కర్తను జెప్పకయే వాక్యము నడచును. కచేరీ వ్రాతలలో ‘చేయబడును’ అను రూపము మిక్కుటము. “అప్పు మంజూరు చేయబడును” — ఎవరిచేత? కార్యవర్గము తీర్మానముచేత. అట్లైన తీర్మానమునకు నెంబరును తేదీయు గలవు. ఒక్క తీర్మానముచే పెక్కు అప్పులు మంజూరు కావచ్చును. చూడుడు, వ్రాతలో నెక్కడను లేని ‘తీర్మానము’ అను పెట్టె పటములో పుట్టినది.

“అప్పు చెల్లింపబడును” — ఎవరిచేత? అప్పు దీసికొన్నవానిచేతనా, అతని కుమారునిచేతనా, జామీనుదారునిచేతనా? జామీనుదారుడు చెల్లించినచో ఆ సంగతి వ్రాసియుండనిదే రేపతడు తన సొమ్ము తిరిగి యడుగుట కాధారముండదు. మరియు రెండప్పులున్న సభ్యుడు ఒక్కమారు రు. 5,000 కట్టినచో ఏ యప్పునకెంత జమకట్టవలెను? కావున ‘రసీదు’ ఒక పెట్టె కావలెను. రసీదునుండి అప్పునకు సంబంధము గీసి, ఆ సంబంధమునకే ‘ఇంత మొత్తము’ అను లక్షణమును దగిలింపవలెను. ఆ మొత్తము రసీదునకు మాత్రమే చెందదు, అప్పునకు మాత్రమే చెందదు. రెండును గలిసిన చోటనే దానికర్థము. కర్త కనబడని ప్రతి వాక్యమువద్దను “ఎవరు?” అని యడుగుట మరువకుడు.

ఎవరికెన్ని?

సంబంధములు గీసినపిదప ప్రతి గీతకు రెండు కొనలవద్దను లెక్క వ్రాయవలెను. ఒక సభ్యునికెన్ని యప్పులుండవచ్చును? పెక్కు. ఒక యప్పును పుచ్చుకొన్నవారెందరు? ఒక్కరే. ఇది ఒకటికి పెక్కు. కొందరు ‘పెక్కు’ అనుటకు గీతకొనను మూడు వ్రేళ్లుగా చీల్చి గీయుదురు. చూచుటకు కాకికాలువలె నుండుటచే ఇంగ్లీషునను దానికాపేరే వచ్చెను. జామీను విషయమున ఒక యప్పునకిద్దరు సభ్యులు, ఒక సభ్యుడు పెక్కప్పులకు. ఇది పెక్కింటికి పెక్కు.

లెక్కతోబాటు ‘తప్పక’ యని యున్నదా, ‘కావచ్చును’ అని యున్నదా యనియు జూడవలెను. అప్పునకు పుచ్చుకొన్న సభ్యుడు తప్పక యుండవలెను. సభ్యునికి అప్పు తప్పక యుండనక్కరలేదు. వాటా మాత్రము కొని యూరకున్న సభ్యుడును సభ్యుడే. ఈ భేదమును గుర్తింపకున్న, అప్పు లేనివాని పేరును యంత్రము స్వీకరింపక త్రోసివేయును. అతని యోటుహక్కు ఆ పట్టికనుబట్టియే నడచుచో నతడు సమావేశమున నిలువలేడు.

భూమి విషయము

ఇక మన రైతుల కత్యంత ముఖ్యమైన మాటకు వత్తుము. “సభ్యుడు భూమిని సాగుచేయును” అని వ్రాసితిమి. ఆ భూమి యెవరిది? వ్రాతలో లేదు. సభ్యుని పెట్టెకును భూమి పెట్టెకును నడుమ ఒక్క గీత గీసి యూరకున్నచో, సాగుదారుడే పట్టాదారుడని పటము సాక్ష్యమిచ్చుచున్నది. మన ప్రాంతమున కౌలుకు దున్నువారు అనేకులు గదా. మన గ్రామలెక్కయగు అడంగలులో పట్టాదారునకొక గడియు అనుభవదారునకు వేరొక గడియు నుండుటకు గారణమిదియే. ఈ రెండు గీతలను మన పెద్దలు కాగితముపైననే గీసియుంచిరి. యంత్రమున కెక్కించునపుడు వానిని మనము చెరుపరాదు.

2019లో మన రాష్ట్రమున వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము కౌలు రైతునకిచ్చు కార్డునకు గడువు పదునొకండు నెలలు. అనగా సాగు అను సంబంధమునకు మొదటి తేదీయు చివరి తేదీయు గలవు. ఒక భూమికి ఈ యేడు ఒక సాగుదారు, వచ్చు నేడు మరియొకడు. కావున ‘సాగు’ను ఒంటి గీతగా వదలక ఒక పెట్టెగనే మార్చుట మేలు: ఏ సభ్యుడు, ఏ భూమి, ఎప్పటినుండి, ఎప్పటివరకు, ఏ పైరు. పైరుపై నిచ్చు అప్పును ఆ ‘సాగు’ పెట్టెకు గలిపినచో, పట్టా లేని సాగుదారును పటమున తన స్థానమును పొందును.

“ఋతువున కొక పైరు” అను మాటయు మన తీరమున నిలువదు. వరికి, వేరుసెనగకు అది సరియే. కొబ్బరికి, మామిడికి, జీడికి ఋతువుతో పనిలేదు. చెట్టు ఏండ్లతరబడి నిలుచును. మామిడితోట కాపును గుత్తకు గొన్నవాడొకడు, చెట్లనడుమ నేల దున్నువాడు మరియొకడు, పట్టాదారు వేరొకడు కావచ్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన తీరముపై విరుచుకుపడినపుడు కొబ్బరి, జీడి తోటలు నేలగూలెను. చెట్టు కూలినచో నష్టమెవరిది, ఆ యేటి కాపు పోయినచో నష్టమెవరిది యని విభజించి చెప్పుటకు మూడు సంబంధములును విడివిడిగా నుండవలెను. భూసేకరణమును గూర్చిన 2013వ సంవత్సరపు చట్టమును నేలకు విడిగాను, చెట్లకు విడిగాను వెల కట్టుమనుచున్నది.

భూసేకరణ మాట వచ్చినది గనుక మరియొక సంగతి. భోగాపురము విమానాశ్రయమునకై భూములు సేకరింపబడి, 2023 మే 3వ తేదీన శంకుస్థాపన జరిగెను. అట్లు పోయిన భూమికి సంబంధించిన వరుసను యంత్రమునుండి కొట్టివేయవచ్చునా? రాదు. దానిపై పూర్వము దీసికొన్న అప్పును, కట్టిన వాయిదాలును దానికి దగిలియున్నవి. ఉన్న వస్తువు పోయినను జరిగిన సంగతి పోదు. సంబంధమునకు ముగింపు తేదీ వ్రాసి నిలుపవలెను గాని, వస్తువును చెరుపరాదు.

గుర్తు సంఖ్య

ప్రతి పెట్టెకును, దానిలోని ఒక్కొక్కదానిని తక్కినవానినుండి వేరుపరచు గుర్తు కావలెను. పేరు గుర్తుగా నిలువదని అప్పలనాయుళ్ల సంగతివలన గ్రహించితిరి గదా. కావున సభ్యునికి సంఖ్య యీయవలెను. భూమికి సర్వే నెంబరు చాలునా? చాలదు. 42వ నెంబరు ప్రతి గ్రామమునను ఉండవచ్చును. గ్రామమును, సర్వే నెంబరును, సబ్‌డివిజనును గలిసినగాని ఒక్క భూమి తేలదు. తనంతట తాను నిలువక మరియొక వస్తువు నానుకొని గుర్తింపబడు ఇట్టి వస్తువును బలహీన వస్తువందురు.

మరియు 2020 డిసెంబరులో మన రాష్ట్రమున రీసర్వే ప్రారంభమైనది. అది ముగిసిన గ్రామములలో పాత సర్వే నెంబర్లకు మారుగా భూఖండమునకు క్రొత్త ఎల్.పి. నెంబర్లు వచ్చెను. పాత నెంబరునే యేకైక గుర్తుగా బెట్టుకొన్న లెక్క యచ్చట చిక్కుబడును. ఎన్నడును మారని సంఖ్య నొకదానిని సంఘమే భూమికిచ్చుకొని, ప్రభుత్వపు నెంబర్లను తేదీలతో లక్షణములుగా వ్రాసికొనుట సురక్షితము.

పటమును మరల మాటలుగా జదువుట

పటము ముగిసినదని సంతోషింపవలదు. పరీక్ష మిగిలియున్నది. ప్రతి గీతను తెలుగు వాక్యముగా మార్చి, సభ్యులయెదుట చదువవలెను. “ఒక భూమిని ఒక కాలమున ఒక్క సభ్యుడే సాగుచేయును — నిజమేనా?” అని యడిగినచో, వెనుకవరుసలో గూర్చున్న ముసలిరైతు లేచి, “మా అన్నదమ్ములము ముగ్గురమును ఉమ్మడిగా చేయుచున్నాము, బాబూ” అనును. ఆ యొక్క మాటతో గీతకొన కాకికాలుగా మారును. యంత్రశాస్త్రము నెరిగినవారు పటమును గీయగలరు; అది నిజమో కాదో చెప్పగలవారు సభ్యులు మాత్రమే.

పిదప పాత లెడ్జరునుండి చిక్కైన పుటలు పదింటిని దీసికొని పటముపై వ్రాసిచూడుడు: చనిపోయిన సభ్యుని యప్పు, వారసుల నడుమ పంచబడిన భూమి, మధ్యలో మారిన జామీను, పెండ్లియై యూరు మారిన సభ్యురాలు. వీనిలో నేదియైనను చోటు దొరకక వెలుపల నిలిచినచో పటమును దిద్దుడు, పుటను దిద్దకుడు. అంతయు సరిపడిన తరువాత పెట్టెయొక్కటికి ఒక పట్టిక చొప్పున, పెక్కింటికి పెక్కగు ప్రతి సంబంధమునకును వేరొక పట్టిక చొప్పున యంత్రమున నేర్పరచుట నిపుణులకు సులభమైన పని.

మీ సంఘపు లెక్కలు ఇదివరకే యంత్రమున కెక్కియున్నను ఈ పరీక్ష వ్యర్థముగాదు. వచ్చు సర్వసభ్య సమావేశమున కార్యదర్శిగారిని ఈ నాలుగు ప్రశ్నలడుగుడు. మన లెక్కలో పట్టాదారునకును సాగుదారునకును వేరువేరు స్థానములు గలవా? నేను జామీనున్న యప్పులన్నియు నా పేరున నొక్కచోట గనబడునా? నేను కట్టిన సొమ్ము ఏ యప్పునకెంత జమయైనదో తెలియునా? ఒకే పేరుగల ఇద్దరు సభ్యులు వేరుగా నిలుతురా?

ఈ నాలుగింటికిని ‘అవును’ అని సమాధానము వచ్చినచో మీ సంఘపు ముగ్గు సరిగా బడినదని నమ్ముడు. ఏ యొక్కదానికైనను రానిచో, ఒక కాగితమును పెన్సిలును దీసికొని సభ్యుడు, భూమి, సాగు, అప్పు అను నాలుగు పెట్టెలతో మొదలిడుడు. పెన్సిలు గీతను రబ్బరుతో మార్చవచ్చును. యంత్రమున కుదిరిపోయిన తప్పును మార్చుటకు ఏండ్లు పట్టును. ఆలోపల ఆ తప్పునకు నష్టపడువాడు, పటమున తన గీత లేనందున తన మాట చెప్పుకొనలేని చిన్నరైతే.